సామి చెరువు కాడ ఉండాడు

డిసెంబరు పద్నాలుగు, ఆదివారం. హోసూరు. ఉన్నవాళ్ళు: నేను, మా బావ సత్యనారాయణ, కారు నడిపే శీనప్ప.

డైరీలో ఏ పేజీ అయినా ఇలాగే మొదలుపెడతాను. బస్సు డిపోలో కంట్రోలరుగా ఉన్నప్పటి అలవాటు. పొద్దున ఏ బండి బయటికి పోయిందో, అందులో ఎవరున్నారో రాసుకుంటే, రాత్రికి ఎవరు తిరిగి రాలేదో తెలుస్తుంది. రిటైరై ఏళ్ళు గడిచినా ఆ గుబులు నన్ను వదల్లేదు. ఈసారి నేను భద్రంగా తిరిగి చేర్చవలసింది ఒక్కరినే, మా బావను.

బావ బాపట్లలో నలభై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. ఎన్ని పెళ్ళిళ్ళు తీశాడో ఆయనకే తెలియదు. స్టూడియో మూసేశాక పక్షుల మీద పడ్డాడు. “నవ్వండి, కొంచెం నవ్వండి అని బతిమాలక్కర్లేని గిరాకీ ఇన్నాళ్ళకు దొరికిందోయ్” అంటాడు. వాటిలోనూ కొంగలూ బాతులూ ఆనవు. వేటాడే పక్షులు కావాలి. చలికాలంలో దూరదేశాల నుంచి దిగే పిల్లిగద్దలు హోసూరు, కృష్ణగిరి వైపు రాగిచేలల్లో తిరుగుతాయని ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు, అందువల్ల మాకూ లేదు.

చిక్కులు రెండు. ఒకటి, బావకు చెవులు దాదాపు వినపడవు. కుడి చెవిలో మిషను పెట్టుకుంటేనే మాట తెలుస్తుంది. కెమెరా కంటికి ఆనించగానే అది కీచుమంటుందని తీసి కళ్ళజోడు పెట్టెలో వేసి, పెట్టెను జేబులో పెట్టుకుంటాడు. రెండోది, ఆయన అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలు, వట్టి కాళ్ళు, బయట తిండి నిషేధం. మాల తీశాక పోదామంటే, అప్పటిదాకా పక్షులు ఆగుతాయా అన్నాడు.

రైలెక్కేటప్పుడు మా అక్క నా చెయ్యి పట్టుకుంది. మాల వేసుకున్న మొగుణ్ణి ఆమె కూడా సామి అనే పిలుస్తుంది. “సామిని నీకు అప్పజెబుతున్నా. చెవిలో మిషను ఉందో లేదో చూస్తూ ఉండు. వెనక లారీ హారను కొట్టినా ఆ మనిషికి తెలియదు” అంది. నేను తలూపాను. ఆ తలూపడం ప్రయాణమంతా నా మెడ మీదే ఉంది.

హోసూరు

తెల్లవారుజామున దిగేసరికి మంచు. మా సముద్రపు ఒడ్డు చలి చలే కాదు. ఇక్కడ మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. స్టేషను బయట గులాబీల మూటలు దించుతున్న వాళ్ళు ఒక వాక్యంలో తమిళం, రెండో వాక్యంలో కన్నడం, మూడో దానిలో తెలుగు మాట్లాడుకుంటున్నారు. ఆ తెలుగు మొదట నా చెవికి పట్టలేదు. “యాడికి పోవాలప్పా?” అంటూ వచ్చాడు శీనప్ప. యాభై ఏళ్ళవాడు, మఫ్లరు చుట్టుకుని కళ్ళు మాత్రం బయటపెట్టాడు. నాలుగు రోజులకు మాట్లాడుకున్న కారు అతనిదే. బావను చూడగానే చేతులు జోడించి, “సామీ, ముందర కూర్చోండి” అన్నాడు. ఆ క్షణం నుంచి ఆ జిల్లాలో బావకు పేరు పోయింది. టీ అంగడివాడు, లాడ్జీవాడు, అందరికీ ఆయన సామి. నేను సామి వెంట వచ్చిన ఆయన్ని.

మార్కెట్టు ముందు ఒకావిడ అనపకాయలు కుప్పపోసి కూర్చుంది. మా వైపు చిక్కుడు కాయగా తింటాం. వీళ్ళు ఈ కాయను గింజ కోసం పెంచుతారు. “కిలో అరవై. వాసన చూడప్పా, ఎంత సొగడో!” అని కాయ నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. జిడ్డుజిడ్డుగా, ఏదో పూవులాంటి వాసన. సాయంత్రం దాకా నా వేళ్ళను వదల్లేదు.

ఆ రోజు కెలవరపల్లి జలాశయం దగ్గర గడిపాం. గరుడపక్షి ఒకటి తెల్లటి రొమ్ముతో నెత్తిమీద తిరుగుతుంటే, మోటారు సైకిలు మీద పోతున్న రైతు ఆగి, చెప్పులు వదిలి, రెండు చెంపలూ వేసుకుని మళ్ళీ బండెక్కాడు. మా ఊళ్ళో మా నాన్న తరంతో పోయిన అలవాటు. బావ ఆ పక్షిని వదిలి చెంపలేసుకుంటున్న రైతును తీశాడు. తీస్తూ తీస్తూ వెనక్కి జరిగి నీటి అంచుదాకా పోయాడు. నేను అరిచాను. మిషను జేబులో ఉంది. పరుగెత్తి చొక్కా పట్టుకుని లాగాను.

“ఏమిటోయ్, అడ్డమొచ్చి ఫోటో పాడుచేశావు!” అన్నాడు.

రాయకోట

మర్నాడు రాయకోట. టమాటా మండీలో బుట్టలు దింపుతూ మనుషులు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. కోటగుట్ట కొండరాతి మీద భైరి ఉంటుందని ఆశ. గాలిలోంచి రాయిలా పడి పావురాన్ని కొట్టే డేగ అది. బావ వట్టికాళ్ళతో గుట్ట ఎక్కుతుంటే ప్రతి మెట్టుకూ నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. ఆయనకు మాత్రం ఏమీ కాలేదు.

భైరి కనిపించింది కూడా. నల్లటి తలతో రాతి అంచున కూర్చుని మాంసం పీకుతోంది. బావ మిషను తీసి పెట్టెలో వేశాడు. జేబులో పెట్టుకోకుండా, తొందరలో, పక్కన బండమీద పెట్టాడు. నేను నీళ్ళ సీసా మూత తీస్తున్నాను. కోతి ఎటునుంచి వచ్చిందో తెలియదు. పెట్టె పట్టుకుని గోడెక్కింది, తెరిచింది, మిషను నోట్లో పెట్టుకుని కొరికి చూసింది. రుచించలేదేమో, లోయలోకి విసిరేసింది.

శీనప్ప నడుము పట్టుకుని నవ్వాడు. “కోతికి ఇంక మన మాటలన్నీ బాగా వినపడతాయి సామీ!”

“ఏమంటున్నాడు?” అని బావ నన్నడిగాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంటికి పోదామన్నాను. వినపడలేదు. చేత్తో రైలు చూపించాను. ఆయనకు అర్థమైంది. చిన్నపిల్లాడిలా ముఖం పెట్టి రెండు వేళ్ళు చూపించాడు, రెండు రోజులు. “మగ పిల్లిగద్ద ఒక్కటోయ్. తెల్లగా, బూడిద కలిపిన తెలుపు. ఆడవి అన్నీ గోధుమరంగే. ఒక్క మగదాన్ని తీస్తాను, తరవాత నువ్వు చెప్పినట్టు వింటాను.”

“వినడమా!” అన్నాడు శీనప్ప.

ఆ సాయంత్రం నుంచి మేము చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మాత్రకు బొటనవేలు, అన్నానికి ఐదువేళ్ళు, కదలొద్దు అంటే అరచెయ్యి. పెళ్ళి హడావిడిలో బ్యాండు మేళం మధ్య నలభై ఏళ్ళు సైగలతో పని చేయించినవాడు కాబట్టి బావకు అది సులువు. నాకే కష్టం. పెట్టెలో మిషను ఉన్నంతకాలం అది మళ్ళీ చెవిలోకి వస్తుందన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు ఆయన వీపు నావైపు తిరిగితే ఇద్దరి మధ్యా తలుపు మూసుకున్నట్టే.

కృష్ణగిరి ఆనకట్ట

మూడోరోజు పొద్దున కృష్ణగిరి ఆనకట్ట. కొరమీను గద్ద నీళ్ళమీద రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్ళు చాపి దూకి, చేపను పొడవుగా పట్టుకుని లేచింది. బావ అన్నీ తీశాడు. తీసినవి చూపిస్తూ నా భుజం చరిచాడు. ఆనకట్ట దగ్గర వేడినూనెలో చేపలు వేయిస్తున్న అంగళ్ళు వరసగా ఉన్నాయి. మసాలా ఎర్రగా అంటిన ముక్క, పైన నిమ్మరసం. మా వైపు చేపను పులుసులో వెయ్యకపోతే అవమానించినట్టు. ఇక్కడ పులుసు ఊసే లేదు.

“సామిని అంత దూరంలో కూర్చోబెట్టి నువ్వు ఈడ తింటావా అప్పా?” అని అంగడి ఆమె దెప్పింది. రెండో ముక్క తినలేకపోయాను. ఆమె మాట వల్ల కాదు. తలతిప్పి చూసేసరికి బావ రోడ్డు మధ్యలో నిలబడి ఆకాశం చూస్తున్నాడు, వెనక ట్రాక్టరు హారను మీద హారను. పళ్ళెం పడేసి పోయాను.

సూళగిరి పక్క పల్లె

మధ్యాహ్నానికి సూళగిరి దాటి, పెద్దరోడ్డు వదిలి లోపలి పల్లెకు చేరాం. అది శీనప్ప చిన్నమ్మ వెంకటమ్మ ఊరు. సామికి వండాలని ఆమె తలస్నానం చేసి, ఇల్లు కడిగి, కొత్త కుండ తీసింది. రాగి కోతలు అయిపోయాయి. కుప్పలు ఇంకా చేలోనే ఉన్నాయి. దారిలో టీ అంగట్లో శీనప్ప విచారించాడు. కర్ణాటక అడవి నుంచి రాగి తినడానికి దిగే ఏనుగుల గుంపును పోయిన వారమే తరిమేశారట. “గుంపు లేదు, భయం లేదు” అన్నాడు. నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను, రాసుకుంటే నిజమవుతుందన్నట్టు.

వెంకటమ్మ నీళ్ళిస్తూ నాతో ఒక మాట చెప్పింది. శీనప్ప అప్పుడు కారు నీడకు పెడుతున్నాడు.

“గుట్టలో సామి ఉండాడంట. ఆ పక్క పోవద్దండప్పా.”

గుట్టమీద ఎవరో స్వామీజీ తపస్సులో ఉన్నాడు కాబోలు అనుకున్నాను. మేము గుట్ట ఎక్కడం లేదు, చెరువు దగ్గరికే కదా. సరేనమ్మా అన్నాను.

చెరువు ఊరికి పడమర. నీళ్ళు ఒక మూలకు చేరి, మిగతా అడుగంతా ఎండుగడ్డి. పిల్లిగద్దలు పగలంతా చేలమీద తిరిగి, పొద్దు వాలుతుండగా ఆ గడ్డిలో నేలమీదే పడుకోవడానికి దిగుతాయి. అవతలి ఒడ్డున గుట్టను ఆనుకుని ఒక నల్లబండ. దానిమీదికెక్కి బావ స్టాండు వేశాడు, మడతపీట మీద కూర్చున్నాడు. నల్లబండ మీద నల్లబట్టలు. పది అడుగులు వెనక్కి వచ్చేసరికి నాకే ఆయన ఆనవాలు దొరకలేదు.

ఆయనకు షుగరు. చీకటి పడకముందే తిని మాత్ర వేసుకోవాలి. తినేది వెంకటమ్మ వండినదే. అన్నం తెస్తానని ఐదువేళ్ళు చూపించాను, కదలొద్దని అరచెయ్యి చూపించాను. ఆయనా అరచెయ్యి చూపించాడు, ఒట్టు వేసినట్టు. కారులో ఊళ్ళోకి వచ్చాం.

వంటింట్లో పితికిపప్పు ఉడుకుతోంది. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పితికి, తొక్క తీసి చేసే పులుసు. “ఉల్లిగడ్డ లేకుండా చేసేది ఇదే మొదలప్పా, సామి కోసరం. ఎట్లుంటాదో ఏమో” అంటూ ఆమె రాగిముద్ద గెలుకుతోంది. శీనప్ప అరిటాకు కోసం వెనక పెరట్లోకి పోయాడు. ఫోను మోగింది. ఆమె చేతులకు పిండి ఉండడంతో మోచేత్తో నావైపు తోసింది. నేను బొత్తాం నొక్కి గట్టిగా వినపడేలా పెట్టాను. చేను కాపలాకు పోయిన ఆమె మరిది మునిరాజు.

“వదినా, సామి వచ్చినాడు. చెరువు కాడ నిలబడుకోనుండాడు.”

“ఒక్కడేనా? వెనకాల ఎవురూ లేరా?”

“ఒక్కడే. నీళ్ళు తాగినాడు. సుమ్మనే ఉండాడు, యాడికీ కదల్లేదు.”

నా గుండె కుదుటపడింది. ఎవరో ఒకరు బావను చూస్తున్నారు. మూడు రోజుల్లో మొదటిసారి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

“అక్కడే ఉండమని చెప్పమ్మా” అన్నాను.

ఆమె ముద్ద గెలకడం ఆపింది. “ఉండమనేకి మనమెవురప్పా? ఆయన ఇష్టం ఆయనది.”

భక్తి అనుకున్నాను. “అదీ నిజమే. మొండిమనిషి. ఎవరి మాటా వినడు.”

“అట్ల అనొద్దప్పా! చెవుల్లో పడితే?”

“పడదులేమ్మా. ఆయన చెవులు పనిచెయ్యవు.”

వెంకటమ్మ నన్ను ఎగాదిగా చూసింది. గొంతు తగ్గించి, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. “రెండు దినాలుగా గుట్టలోనే ఉండాడు. నిన్న మా పక్కింటోళ్ళ రాగికుప్ప సగం తినేసి పోయినాడు.”

“ఎవరమ్మా తిన్నది?”

ఆమె నోటితో చెప్పలేదు. పిండి అంటిన కుడిచెయ్యి ముక్కు ముందు పెట్టుకుని, మెల్లగా అటూ ఇటూ ఊపింది.

కోతల కాలంలో వాళ్ళు ఏనుగు పేరు పలకరట. పలికితే పిలిచినట్టే. సామి అంటారు. ఇదంతా తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం గోడ దగ్గర్నుంచి దిగ్గున లేచాను.

“మరి మీ సామి యాడ?” అంది ఆమె.

“అక్కడే, చెరువు దగ్గరే. బండమీద.”

“అయ్యో, నా తల్లీ!” అని ఆమె పొయ్యిలో కట్టె లాగేసింది.

గట్టుమీద

శీనప్ప కారును గట్టుకు చాలా ముందే ఆపేశాడు. మునిరాజు ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. “అరవొద్దు, లైటు వెయ్యొద్దు, టపాసు కాల్చితే ఎటు తిరుగుతాడో తెలీదు.” బండమీద మనిషి ఉన్న సంగతి అతనికి తెలియనే తెలియదు. నేను చెప్పాక కూడా చాలాసేపు చూస్తేగానీ కనపడలేదు.

పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. బండ, దాని మీద చిన్న నలుపు. బండకు వెనక తుమ్మచెట్ల దగ్గర ఇంకో బండ. ఆ రెండో బండ చెవి ఆడించింది.

ఫోను చేసినా వినపడదు. అరిచినా వినపడదు, వినేది మరొకరు. వెనకనుంచి పోయే దారి లేదు. బావ కన్ను కెమెరాలో ఉంది. ఆ కెమెరా చెరువు అడుగున ఎండుగడ్డిని చూస్తోంది. ఆ గడ్డిలో నిలబడితే తప్ప నేను ఆయనకు కనపడే మార్గం లేదు.

“పోవద్దప్పా, నువ్వు పెద్దాయనవు” అని శీనప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని గట్టు దిగాను. గడ్డి మోకాళ్ళదాకా ఉంది. నడుస్తుంటే పిల్లిగద్దలు నా ముందునుంచి, పక్కలనుంచి చప్పుడు లేకుండా లేచాయి. గోధుమరంగువి, వాటి మధ్య తెల్లటిది ఒకటి. మూడు రోజులుగా ఆయన కలవరించింది అదే. దాన్ని నేనే లేపేశాను.

బండమీద చెయ్యి లేచింది. పెళ్ళిలో పందిరి ముందు అడ్డమొచ్చిన వాళ్ళను తోసినట్టు, పక్కకు జరుగు, పక్కకు జరుగు అని ఊపుతోంది. జరగలేదు. వెంకటమ్మ చూపించినట్టు చెయ్యి ముక్కు ముందు పెట్టుకుని ఊపాను. ఆ చెయ్యి ఆగింది. మళ్ళీ జరగమంది. మళ్ళీ ఊపాను. వేలితో ఆయన వెనక్కి చూపించి, ఇంకోసారి ఊపాను.

బావ కెమెరా నుంచి తల ఎత్తాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. నాకు ఆయన ముఖం కనపడలేదు. తరవాత స్టాండు నుంచి కెమెరా విప్పి, పసిబిడ్డలా రొమ్ముకు ఆనించుకుని, నావైపు బండ దిగాడు. చెప్పులు లేని కాళ్ళు. రాతిమీద ఒక్క చప్పుడు లేదు. పరుగెత్తలేదు. గడ్డిలో నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు మంచులా ఉన్నాయి. ఇద్దరం వెనక్కి చూడకుండా గట్టెక్కాం.

వెంకటమ్మ ఇంట్లో రాగిముద్ద చల్లారిపోయింది. బావ అదే తిన్నాడు. మాత్ర వేసుకున్నాక కెమెరా వెలిగించి నా ముందు పెట్టాడు. గడ్డిలో నేను, ముక్కు ముందు చెయ్యి, నోరు తెరుచుకుని. చుట్టూ లేస్తున్న పిల్లిగద్దలు. తెల్లటి మగది సరిగ్గా నా నెత్తిమీద.

“రెక్క సగం నీ తల వెనక పోయింది” అన్నాడు బావ.

మర్నాడు పొద్దున

గుట్టలో సామి తెల్లవారకముందే అవతలి అడవికి దాటుకున్నాడని మునిరాజు చెప్పాక, స్టాండు తెచ్చుకోవడానికి పోయాం. అది పక్కకు ఒరిగి, ఒక కాలు వంగిపోయి ఉంది. మడతపీట పలకలా అణిగిపోయింది. బండ పక్క తడిమట్టిలో అడుగుల గుర్తులు, వెనకనుంచి వచ్చి, పీటదాకా వచ్చి, నీళ్ళవైపు తిరిగాయి. శీనప్ప వంగి, ఆ మట్టి వేలితో అందుకుని నొసట పెట్టుకున్నాడు. బావ ఒక గుర్తులో తన వట్టికాళ్ళు రెండూ పెట్టి నిలబడ్డాడు. రెండూ పట్టి ఇంకా చోటు మిగిలింది. ఫోటో తియ్యలేదు. నీళ్ళవైపు చూస్తూ ఊరికే నిలబడ్డాడు.

నా జేబులో ఫోను మోగింది. అక్క.

“సామి ఏం చేస్తున్నాడురా? మిషను పెట్టుకుంటున్నాడా? నిన్నంతా ఫోను ఎత్తలేదేం?”

బావ వైపు చూశాను. ఆయనకు ఫోను మోగిందని తెలియదు. గట్టుమీద గోధుమరంగు పిల్లిగద్ద ఒకటి కిందగా ఎగురుతూ పోయింది. ఆయన తల దానితో పాటు తిరిగింది.

“చెరువు దగ్గర నిలబడి ఉన్నాడక్కా” అన్నాను. “ఒక్కడే.”